అచ్చుపుస్తకము – ఈ-రీడరు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యానిధిని గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము నియోగించిరి. ఆ యాదరమునకు కృతజ్ఞులము. మన విద్యార్థి వసతిగృహ గ్రంథాలయములకై పోషకులొసగిన ధనముతో ఈ సంవత్సరము అచ్చుపుస్తకములే కొనవలెనా, ఈ-రీడరులని పిలువబడు పఠనయంత్రములు కొనవలెనా యను చర్చ కొంతకాలముగా మనలో జరుగుచున్నది. యువకులు యంత్రములనే కోరుచున్నారు. కాలు తగిలిన పుస్తకమును కన్నులకద్దుకొను నలవాటు గల పెద్దలు, బ్యాటరీతో నడచునది పుస్తకమెట్లగునని యడుగుచున్నారు. ఉభయులును మనవారే; ఉభయులును విద్య కోరువారే. మేము పరిశీలించినంతలో ఈ-రీడరు వలన మనకు గొప్ప మేలులు కలవు. కాని తెలుగువానికి ఆ మేలు డబ్బిచ్చి యంత్రము కొన్నంతమాత్రమున చేతికి రాదు. ఈ రెండవ మాట మన చర్చలలో వినబడుట లేదు గనుక దాని కొఱకే మీ కాలమును కొంత కోరుచున్నాము.

ముందు ఆ వస్తువేదో తెలియవలెను. సెల్‌ఫోను వేరు, ట్యాబు వేరు, ఈ-రీడరు వేరు. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిరి. నాటినుండి తెర గల పలక దేనినైనను ట్యాబనియే మనలో పలువురు పిలుచుచున్నారు. ట్యాబు బహురూపి. పాఠము చూపును, సినిమా చూపును, ఆటలాడించును. ఈ-రీడరు ఏకవ్రతము గలది. చదివించుట తప్ప దానికి వేఱొకటి అంతగా చేతకాదు. దాని తెర కన్నులలోనికి వెలుగు కొట్టదు. తెరలో కంటికి కానరాని చిన్న గుళికలు లక్షలకొలది యుండును. ఒక్కొక్క గుళికలో తెల్లని రేణువులును నల్లని రేణువులును ద్రవములో తేలుచుండును. విద్యుత్తు ప్రేరేపించినప్పుడు ఒకచోట నల్లనివి పైకి వచ్చి అక్షరమగును, మఱొకచోట తెల్లనివి పైకి వచ్చి కాగితమగును. అట్లు వచ్చినవి మరల త్రిప్పువఱకు అట్లే నిలిచియుండును. పుట త్రిప్పినప్పుడు మాత్రమే కరెంటు ఖర్చగును గనుక ఒకసారి చార్జి చేసిన యంత్రము కొన్ని వారములు నడచును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఈ ఎలక్ట్రానిక్ సిరాపై పరిశోధించినవారు 1997లో దానికై యొక సంస్థను స్థాపించిరి. 2004లో సోనీవారు జపానునందును, 2007 నవంబరులో అమెజానువారు కిండిల్ అను పేర అమెరికాయందును ఈ తెరతో యంత్రములను విక్రయించిరి. నాడు కిండిల్ వెల 399 డాలర్లు. 2012లో అది భారతదేశమున విక్రయమునకు వచ్చినది.

ఇట్టి యంత్రము గుంటూరు ప్రకాశము మండలముల మిరప, ప్రత్తి చేల నడుమ బ్రదుకు మనకేమి పనికివచ్చునని యడుగవచ్చును. మాఘఫాల్గుణ మాసములలో మన కల్లములకు పోయి చూడుడు. ఎఱ్ఱని దుప్పట్లు పఱచినట్లు మిరపకాయలు ఆరుచుండును. వానకును దొంగకును వెఱచి ఇంటివాడో, చదువుకొను కుఱ్ఱవాడో పగలెల్ల కావలి యుండును. ఆ యెండలో సెల్‌ఫోను అద్దమున తన ముఖము తప్ప వేఱొకటి కానరాదు. ఈ-రీడరు తెర మాత్రము కాగితమువలె ఎండ యెక్కువైన కొలది మఱింత తేటగా కనబడును. మన సెలవుల చదువు చాలవఱకు చేలగట్లమీదను, వేపచెట్ల క్రిందను, యార్డునకు సరకు తోలి కాటా వంతు కొఱకు వేచియుండు గంటలలోను సాగవలసినదే గదా. ఇది చిన్న సదుపాయము కాదు.

ఇంతకంటె గొప్ప మేలు మన వృద్ధులకు కలదు. ఆంగ్లలిపిలో అక్షరములు ఒకదాని ప్రక్క నొకటి వరుసగా నడచును. మన లిపిలో తలకట్టు, గుడి, గుడిదీర్ఘము పైనను, వత్తులు క్రిందను చేరును. అచ్చులో ఆ వత్తు మూలాక్షరములో సగమైనను ఉండదు. గుడికిని గుడిదీర్ఘమునకును గల భేదము ఒక చిన్న మలుపు మాత్రమే. కంట శుక్లములు క్రమ్మిన వారికి ముందుగా మాయమగునవి ఇవియే. అక్షరము కనబడుచునే యుండును గాని అది 'కి'యో 'కీ'యో తెలియదు, వత్తు 'త'యో 'న'యో తెలియదు; పది పంక్తులు ఊహించి ఊహించి చదివి అలసిపోయి పుస్తకమును మూసివేయుదురు. మేమెఱిగిన పెద్దలలో పలువురు చదువు మానినది చదువునందలి కోరిక తీరి కాదు, వత్తులు కనబడక. ఈ-రీడరునందు అక్షరమును కావలసినంత పెద్దది చేసికొనవచ్చును. పంక్తులు వానియంతట అవి సర్దుకొని పుటలో ఇముడును. రెండువందల పుటల గ్రంథము ఆఱువందల పుటలైనను చేతిలో బరువు పెరుగదు. పావుకిలోకు లోబడిన పలక, పడుకొనియు పట్టుకొనవచ్చును. పెద్ద అక్షరముల అచ్చుప్రతులు తెలుగున మిక్కిలి అరుదు. భాగవతము, సుందరకాండము వంటి పారాయణగ్రంథములకు తప్ప ప్రకాశకులు ఆ శ్రమ పడుట కానము. కాబట్టి వృద్ధుల విషయమున ఈ-రీడరుతో అచ్చుపుస్తకము పోటీ పడజాలదని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము. చూపు బొత్తిగా లేనివారి మాట యింకను ముఖ్యము. టైపుచేయబడిన తెలుగు పాఠమును బిగ్గరగా చదివి వినిపించు సాధనములు కంప్యూటర్లలోను సెల్‌ఫోనులలోను వచ్చినవి. అంధులకు గ్రంథములు అందించు నిమిత్తము 2013లో మరాకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 2014లో అందఱికంటె ముందుగా ఆమోదించినది మన దేశమే.

మఱి దూరదేశములందున్న మన బిడ్డల సంగతి. అమెరికాకు తెలుగు నవల నొకదానిని తపాలలో పంపినచో పుస్తకము వెలకంటె తపాలా ఖర్చు మిక్కుటమగుచున్నది. విద్యుద్రూపమున నున్న పుస్తకము నిమిషములో చేరును. 2010 ప్రాంతమున హైదరాబాదునందు వెలసిన కినిగె అను విక్రయశాల తెలుగుపుస్తకములను ఈ రూపమున దేశదేశములకు అమ్మి, ఇట్టి పాఠకులు కలరని ఋజువు చేసినది.

గ్రంథమును పాఠకుని యొద్దకే చేర్చుట మన సీమకు క్రొత్త సంగతి కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. గ్రామస్థులు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే గ్రామమునకు పోవలెనన్నది వారి యూహ. అంతకు ముందే, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1929లో మహాత్మాగాంధీగారు దాని నూతన భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆనాడు గుంటూరు మండలమున నుండి, 1970 తరువాత ప్రకాశము మండలమున చేరి, 2022 నుండి బాపట్ల మండలమున నున్న ఆ వేటపాలెమునకు, పాత పత్రికల సంపుటముల కొఱకు పరిశోధకులు నేటికిని దూరప్రాంతములనుండి పోవుచున్నారు. మండలము రెండు మాఱులు మాఱినను బీరువాలు కదలలేదు. గ్రంథము అచ్చటనే యున్నది గనుక పాఠకుడే పోవలసియున్నది. ఆ పడవను నడిపినవారు నేడుండినచో ఈ పలకను చూచి మిగుల సంతోషించియుందురని మా నమ్మకము; పడవనిండ పట్టిన పుస్తకములు దీనిలో ఒక మూలకు చాలవు.

ఇక చిక్కు చెప్పెదము.

పాత తెలుగు గ్రంథములు వేలకొలది ఇప్పటికే విద్యుద్రూపమున నున్నవి. ఈ కీర్తిలో తెలుగువారికి పెద్ద పాలు కలదు. చిత్తూరు మండలమున జన్మించి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకముల పథకమునకు నాయకులై, అమెరికా, భారత, చీనా దేశములలోని సంస్థలను కలిపి గ్రంథములను స్కాను చేయించిరి. 2007 నాటికి ఆ సంఖ్య పదిహేను లక్షలు దాటినది. మన దేశమున ఆ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర జరిగినది. ఆ గ్రంథములు నేడు ఇంటర్నెట్ ఆర్కైవునందు ఉచితముగా లభించుచున్నవి. ఎన్నడో అచ్చై, మరల ముద్రణ నెఱుగని శతకములు, స్థలపురాణములు, వైద్యగ్రంథములు, జీవితచరిత్రములు వానిలో నున్నవి. అది మహోపకారము. కాని అవి పుటలకు తీసిన ఛాయాపటములు మాత్రమే. పటమునందు అక్షరమున్నట్లు మన కన్ను గుర్తించును గాని యంత్రము గుర్తింపదు. దానికి అది నలుపు తెలుపుల మచ్చలే. 1930 నాటి గ్రంథపు పుటను ఆఱు అంగుళముల తెరపై పెట్టినచో అక్షరము అసలుకంటె చిన్నదగును. పెద్దది చేసినచో పంక్తి తెర దాటి పోవును. ప్రతి పంక్తికిని కుడికొకసారి ఎడమకొకసారి ఈడ్చుకొనవలెను. ఈ తెర సహజముగా మెల్లని నడక గలది గనుక ఆ యీడ్పు ఓర్పునకు పరీక్ష. వత్తులు కనబడని తాతగారికి ఈ యంత్రము కొనియిచ్చి అందులో స్కాను చేసిన గ్రంథము నుంచినచో, ఆయన పూర్వమున్న బాధకు క్రొత్త బాధ తోడైనదని యనును. దోషము యంత్రముది కాదు. పాఠము అక్షరరూపమున లేదు.

అక్షరరూపమునకు తగిన ఏర్పాటు ఎప్పుడో జరిగినది. యూనికోడు అను సార్వదేశిక లిపిసంకేత పద్ధతి 1991లో వెలువడిన తొలి ప్రతిలోనే తెలుగునకు స్థానమిచ్చినది. అయినను మన అచ్చుశాలలు బహుకాలము అంతకు పూర్వపు పద్ధతిలో చేసిన అను ఫాంటులను వాడుచు వచ్చినవి. ఆ ఫైలులో తెలుగుగా కనబడునది ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో పిచ్చిగీతలగును. ఈ కారణముచేత కంప్యూటరుపై కూర్చిన పుస్తకము సైతము ఈ-రీడరులోనికి మార్పులేక పోజాలదు. పుటలోని ముద్రాక్షరములను యంత్రమే గుర్తించి టైపుచేయు పద్ధతి వచ్చినది గాని పాత అచ్చులో అది తడబడుచుండును; 'మ' 'య'లను, 'ధ' 'థ'లను, 'ఘ' 'ఫ'లను తాఱుమాఱు చేయును, వత్తులను మ్రింగును. మనిషి కూర్చుండి పుటపుటయు సరిచూడవలసినదే. తెలుగు వికీసోర్సునందు కొందఱు స్వచ్ఛందముగా, వేతనమాశింపక, ఈ పనియే చేయుచున్నారు. వారి సంఖ్య స్వల్పము, పని సముద్రము.

2016 డిసెంబరులో అమెజానువారు కిండిలునందు ఐదు భారతీయభాషల పుస్తకములను ప్రవేశపెట్టుచున్నామని ప్రకటించిరి. హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము. తెలుగు లేదు! 2011 జనాభాలెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. మలయాళము గలవారు 3 కోట్ల 48 లక్షలు. గుజరాతీ గలవారు 5 కోట్ల 55 లక్షలు. తలల లెక్కయే ప్రమాణమైనచో మనము మలయాళమునకును గుజరాతీకిని ముందుండవలసినవారము. వర్తకుని నిందించుటవలన ప్రయోజనము లేదు. యార్డులో సరకు పెట్టనివాడు ధర రాలేదని వగచిన నేమి లాభము? సిద్ధమైన పుస్తకములు, వానిని కొనుటకు సిద్ధమైన పాఠకులు కనబడినచోటికి వర్తకుడు తానే వచ్చును.

ఇంతవఱకు చెప్పినది విని, యంత్రములు వచ్చిన పిదప అచ్చుపుస్తకములు దండుగయని యెవ్వరైనను తలచినచో అదియు మాకు సమ్మతము కాదు. అచ్చుపుస్తకము కొన్నవాడు దానికి యజమాని. చదువును, స్నేహితున కిచ్చును, మనుమనికి వదలిపోవును. మొదటి పుటపై తన పేరును తేదీని వ్రాసికొనును. ఈ-పుస్తకమును కొన్నవాడు చాలచోట్ల కొనుచున్నది చదువుకొను అనుమతిని మాత్రమే. 2009 జులైలో ఈ భేదము లోకమునకు తేటతెల్లమైనది. హక్కులేని ప్రకాశకుడొకడు అమ్మినాడను కారణమున, పాఠకులు అంతకుముందే డబ్బిచ్చి కొనుక్కొన్న జార్జి ఆర్వెల్ నవలలను అమెజానువారు వారి వారి కిండిళ్లనుండి దూరమునుండియే తొలగించిరి. వెల తిరిగి యిచ్చిరి. పిదప క్షమాపణయు చెప్పిరి. తొలగించిన వానిలో నొకటి '1984' అగుట విధివిలాసము.

ఇది వినినప్పుడు మాకు ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' తలపునకు వచ్చినది. మన గుంటూరు సీమవారైన ఆ మహనీయుడు చెఱసాలలో రచించిన ఆ నవల 1922లో వెలువడగా ఆనాటి మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. నిషేధాజ్ఞ పుట్టినను, అప్పటికే యిండ్లు చేరిన ప్రతులను లాగికొనవలెనన్న పోలీసువాడు ఒక్కొక్క గడపయు త్రొక్కవలెను, ఒక్కొక్క పెట్టెయు తెఱపింపవలెను. మాలపల్లి ఆ దినములలో విద్యుత్పుస్తకమై, ఒక్క వర్తకుని తాళముచెవి క్రింద నుండినచో, ఆజ్ఞ యొక్కటి చాలియుండును. కాగితము బరువైనది, చెదలు తినునది. కాని దానిని ఒక్క దెబ్బతో లేకుండ చేయుట దుర్లభము. కావున ఏ గ్రంథమునైనను యంత్రములోనికి ఎక్కించిన పిదప కాగితపు ప్రతిని పారవేయరాదు. యంత్రములను కొనునప్పుడును ఒక్క దుకాణపు పుస్తకములకే కట్టుబడినవి కాక, 2007లో ప్రమాణముగా నిర్ణయింపబడిన ఈపబ్ రూపమును చదువగలవానినే ఎన్నుకొనవలెను. వసతిగృహపు కంప్యూటరులో ఆ గ్రంథముల నకళ్లు వేఱుగా దాచవలెను.

విద్యార్థుల చదువు విషయమున ఇంకొక మాట. 2000 నుండి 2017 వఱకు జరిగిన 54 అధ్యయనములను, లక్షా డెబ్బదివేలకు పైబడిన పాఠకులపై జరిగినవానిని, కూర్చి పరిశీలించిన పండితులు 2018లో తేల్చిన సంగతి యేమనగా, విషయప్రధానమైన పాఠమును తెరపై చదివినవారికంటె కాగితముపై చదివినవారు కొంత మెఱుగుగా గ్రహించుచున్నారు. అందును కాలనియమముతో చదువునప్పుడు ఆ భేదము హెచ్చు. కథలలో అట్టి భేదము కానరాలేదు. కాబట్టి పోటీపరీక్షలకు కూర్చున్నవారి చేతినుండి అచ్చుపుస్తకమును లాగివేయుట తగదు. గీతలు గీసికొని, అంచులలో వ్రాసికొని, వెనుకటి పుట ఎడమప్రక్కనుండెనా కుడిప్రక్కనుండెనా యని జ్ఞప్తికి తెచ్చుకొను చదువు అది. నవలలు, చరిత్రలు, ప్రాచీనకావ్యములు పలకపై చదువవచ్చును. రాత్రివేళ ట్యాబు వెలుగులో చదువువారికి నిద్ర ఆలస్యమగుచున్నదని 2015లో అమెరికా వైద్యులు ప్రకటించిన పరిశోధన యున్నది గనుక, పడకయందు చదువువారికి ట్యాబుకంటె ఎలక్ట్రానిక్ సిరా పలకయే మేలని మా యభిప్రాయము.

ఇక మన స్వంత యింటి సంగతికి వత్తుము. మన మహాసభల సంచికలు కొన్ని ఇప్పుడు చేతబట్టుటకే భయము గొలుపుచున్నవి. ఆనాటి చవుక కాగితము పసుపువన్నెకెక్కి, అంచులు మడిచినచోట అప్పడమువలె విరుగుచున్నది. మన వారి తొలి వసతిగృహములకు ఎవరు పుట్టి వడ్లిచ్చిరో, ఎవరు వేయి రూపాయలిచ్చిరో, ఏ యూరివారు బండ్లతో రాయి తోలిరో వ్రాసిన పుటలు వానిలోనే యున్నవి. రాజులకు శాసనములున్నవి; మన తాతలకు ఈ సంచికలే శాసనములు. ఏ పెద్ద గ్రంథాలయములును ఇట్టివానిని ప్రయత్నించి సేకరింపవు. అటకపైనున్న ప్రతి చెదలపాలైనచో, లేక 1977 నవంబరు 19 నాటి ఉప్పెనవంటిది మరల తీరమును ముంచినచో, ఆ పుట లోకములోనే లేనిదగును. తాటాకుల కాలమునుండి అచ్చుకాలమునకు వచ్చినప్పుడును ఇట్లే జరిగినది. ఎవరో పూనుకొని అచ్చువేయించినవి నిలిచినవి, తక్కినవి అనేకము పురుగులకు మేతయైనవి. ఇప్పుడు మరల అట్టి రేవునకు వచ్చియున్నాము.

కాన మా సూచన యిది. పది పదిహేను వేల రూపాయలు పోసి కొనవలసిన పలకలను ప్రతి వసతిగృహమునకును ఒకేసారి పంచుట మానుడు. ఆ వెలకు నలుబది యేబది తెలుగుపుస్తకములు వచ్చును గదా! ఒక్క వసతిగృహమున పది పలకలతో ఒక సంవత్సరము నడిపి చూతము. గ్రంథాలయములో పుస్తకమువలె పద్దు వ్రాసి ఎరవిత్తము. అందులో రెండు మూడు పలకలను ఆ యూరి వృద్ధుల కొఱకు ప్రత్యేకింతము. పరీక్షాగ్రంథములను ఎప్పటివలె అచ్చుప్రతులుగానే కొందము. మిగిలిన ధనము, అదియే పెద్ద భాగము కావలెనని మా కోరిక, పాత గ్రంథములను టైపుచేయించి సరిచూపించుటకు ఉపయోగపడవలెను. డిగ్రీ చదువు మన పిల్లలకు పుటకింతయని యిచ్చినచో వారికి చేతిఖర్చు దొరకును, తెలుగు వ్రాతయు కుదురును. తప్పులు దిద్దుటకు పదవీవిరమణ చేసిన తెలుగు పండితులు మన యూళ్లలో కొఱతగా లేరు.

ఏ గ్రంథములు ముందుగా? మన దేశపు చట్టము ప్రకారము గ్రంథకర్త మరణించిన సంవత్సరము ముగిసిన పిదప 60 ఏండ్లకు హక్కు తీరును. 1943లో గతించిన త్రిపురనేని రామస్వామిచౌదరిగారి రచనలు, 1958లో గతించిన ఉన్నవవారి రచనలు ఎవరైనను ప్రకటింపవచ్చును. వినుకొండ కన్నబిడ్డయైన జాషువ మహాకవి 1971లో గతించిరి గనుక వారి గ్రంథములకు 2031 ముగియువఱకు అనుమతి వలయును. మన సీమ గ్రంథకర్తలనుండి ఆరంభింతము. ఇట్లు సిద్ధమైన పాఠమును మన సంఘమువారికే యని బిగించుకొనరాదు. తెలుగు చదువు వారందఱకు అది ఉచితముగా లభింపవలెను. మనము ఇతరుల శ్రమవలన ఉచితముగా చదువుచున్న గ్రంథములు తక్కువ కావు.

మన సంచికల విషయమున మాత్రము ఒక జాగ్రత్త వలయును. వానిలోని వంశావళులు, చిరునామాలు, ఉద్యోగవివరములు జీవించియున్న వారివైనచో లోకమునకు బయటపెట్టుట తగదు. పాత వ్యాసములు, ఉపన్యాసములు, దాతల పట్టికలు ప్రకటించి, వంశావళులను సంఘకార్యాలయమున భద్రపఱచిన చాలును. మఱియు ఆ వంశావళులలో ఆడుబిడ్డల పేర్లు తఱచు లేవు. 'ఇద్దఱు కుమార్తెలు' అని వ్రాసి విడిచిరి. టైపుచేయించునప్పుడు ఆ పేర్లు తెలిసిన ముదుసలులను అడిగి అధస్సూచికలో చేర్పింపవలెనని సోదరీమణులను ప్రత్యేకముగా వేడుచున్నాము. ఇంకొక పదేండ్లు జాగుచేసినచో అడుగుటకు వారుండరు.

తీర్మానము నెగ్గినను వీగినను ఒక పనికి ఆలస్యమక్కఱలేదు. 1950కు పూర్వపు సంచికలు ఎవరి యింటనున్నను, చినిగినవైనను, అట్ట లేనివైనను, రేపు ప్రాతఃకాలమున భోజనశాల ప్రక్కనున్న పందిరికి తీసికొనిరండు. అక్కడ ఇద్దఱు విద్యార్థులు రశీదుపుస్తకముతో కూర్చుండియుందురు. కుట్టు విప్పకయే, పుట వంచకయే ఛాయాపటములు తీసి, సాయంకాలము సభ ముగియులోపల మీ ప్రతిని మీకే అప్పగింతురు. తెచ్చునప్పుడు ప్లాస్టికు సంచిలో కుక్కక, ఉతికిన ధోవతిలో చుట్టి, బల్లపఱుపుగా పట్టుకొనిరండు.